వేరుపడేటప్పుడు బండి దారి కూడా రాసుకోవాల

పోస్టు కొంచెం పెద్దది. బస్సులోనో, మెస్సు కాడ లైన్లోనో ఉన్నప్పుడు నిదానంగా చదవండి.

రాయలసీమ వేరే రాష్ట్రం కావాలనే మాట మళ్లీ మళ్లీ పైకి వస్తానే ఉంది. రాజధాని గురించి గొడవ అయినప్పుడొకసారి, హైకోర్టు గురించి అయినప్పుడొకసారి, కృష్ణా నీళ్ల గురించి అయినప్పుడొకసారి. ప్రొద్దుటూరు టీ అంగడి కాడైనా, జమ్మలమడుగు బస్టాండులోనైనా, పులివెందుల చీనీకాయల మార్కెట్లోనైనా వాదన ఒకటే. "కోస్తావాళ్లతో ఉండి ఏం బాగుపడినాం?" అని ఒకాయన. "వేరుపడితే మన సరుకు ఎవురు కొంటారు, మన పిల్లోళ్లు యాడ పని చేస్తారు?" అని ఇంకొకాయన. హాస్టల్లో మా వాదన కూడా ఇంతే. రాత్రి పదకొండుకు లైట్లు తీసేదాకా జరుగుతుంది, ఎవరూ ఓడిపోరు.

ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి ఏలుబడి: మన నీళ్లు, మన భూములు, మన ఉద్యోగాల మీద నిర్ణయం ఎవరిది? రెండోది రాకపోకలు: సరుకు, కూలి, చదువు, వైద్యం కోసం గీత దాటి పోవాల్సినోళ్ల సంగతి ఏంది? మొదటి ప్రశ్న మీద జెండాలు లేస్తాయి, పార్టీలు పుడతాయి. రెండో ప్రశ్న మీద ఎవరూ సభ పెట్టరు. కానీ మన ఎస్టీ బతుకులు ఎక్కువగా ఆ రెండో ప్రశ్నలోనే ఉన్నాయి. అందుకే ఈ పోస్టు.

మా పక్క ఊర్లల్లో అన్నదమ్ములు వేరుపడితే పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి పారీఖత్తు రాసుకుంటారు. తూర్పు చెక్క పెద్దోడికి, పడమటి చెక్క చిన్నోడికి అని రాసి లేచిపోరు. బావి ఉమ్మడిదైతే మోటారు వంతు ఎవరికి ఎన్ని దినాలో రాస్తారు. లోపలి చేనికి బండి యాడనుంచి పోవాలో, ఆ దారి ఎన్ని అడుగులో రాస్తారు. దారి రాయని పారీఖత్తు ఎంత బాగా పంచినా తగాదా కాక తప్పదు. లోపలి చేను ఎవరికి పడిందో వాడే నష్టపోతాడు. రాష్ట్రాలు వేరుపడినా, దేశాలు ఒక కూటమి నుంచి బయటికి వచ్చినా ఇదే లెక్క అని నా అభిప్రాయం. వేరుపడటం తప్పు కాదు. బండి దారి రాసుకోకుండా వేరుపడితే లోపలి చేను మనదే అవుతుంది.

మన సీమకు చేతులు మారటం కొత్త కాదు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేసినాడు. దత్త మండలాలు అనే పేరు అట్లా వచ్చిందే. 1937లో మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. కృష్ణా, తుంగభద్ర నీళ్లలో సీమకు ముందు వంతు, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధాని, హైకోర్టుల్లో ఏదో ఒకటి సీమ కోరుకున్నట్టు అని పెద్దలు ఒప్పుకున్నారు. అది పెద్దమనుషుల మాట. చట్టం కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, కర్నూలు రాజధాని అయింది. 1956లో తెలంగాణతో కలవగానే రాజధాని హైదరాబాదుకు పోయింది. మూడేళ్ల ముచ్చట. మాటకూ చట్టానికీ తేడా ఏందో సీమకు అప్పుడే తెలిసొచ్చింది.

2014లో మాత్రం చట్టమే రాసినారు కదా అంటారు. నిజమే. జూన్ 2న అమల్లోకి వచ్చిన పునర్వ్యవస్థీకరణ చట్టంలో ఆస్తులు, అప్పులు, ఉద్యోగులు, సంస్థలు అన్నీ ఉన్నాయి. అయితే ఏ మాట ఎట్లా రాసినారో చూడాల. జమ్మలమడుగు సంగతే తీసుకుందాం. కడప ఉక్కు ఫ్యాక్టరీ చట్టంలో ఉంది అని అందరం చెప్పుకుంటాం. పదమూడో షెడ్యూల్లో ఉన్న మాట ఏందంటే, సెయిల్ సంస్థ ఆరు నెలల్లో వైఎస్సార్ జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ పెట్టే సాధ్యాసాధ్యాలు పరిశీలించాలి అని. కట్టాలి అని లేదు. ఖమ్మం జిల్లాకూ అదే మాట రాసినారు. బయ్యారం మన గిరిజనుల ప్రాంతమే. రెండు చోట్లా పరిశీలన అయింది, ఫ్యాక్టరీ కాలేదు. జమ్మలమడుగు పక్కన శంకుస్థాపనలు మాత్రం 2007లో ఒకటి, 2018లో ఒకటి, 2019లో ఒకటి, 2023లో ఇంకొకటి అయినాయి. పార్టీలు మారినాయి, రాళ్లు మారినాయి, కడ్డీ ఒక్కటీ బయటికి రాలేదు.

అదే షెడ్యూల్లో మనకు సంబంధించింది ఇంకొకటి ఉంది. రెండు రాష్ట్రాలకూ చెరొక గిరిజన విశ్వవిద్యాలయం. ఆంధ్రలో విజయనగరం దగ్గర 2019లో తరగతులు మొదలైనాయి. ములుగులో సమ్మక్క సారక్క పేరుతో పెట్టటానికి పార్లమెంటులో బిల్లు పాసయ్యేసరికి 2023 డిసెంబరు వచ్చింది. నిదానంగా నడిచే హామీ ఇట్లా ఉంటుంది. 2014లో పదో తరగతి చదివిన పిల్లోడు ఆ కాలానికి చదువు ముగించి పనిలో పడి ఉంటాడు.

ఇప్పుడు బేరసారాల సంగతి. ఎర్రగుంట్ల, ముద్దనూరు మధ్య పోతుంటే ఆర్‌టీపీపీ పొగ గొట్టాలు కనపడతాయి. ఆ పొయ్యిలోకి సింగరేణి బొగ్గు తెలంగాణ నుంచి వస్తుంది. విభజనలో సింగరేణిలో 51 శాతం వాటా తెలంగాణకు పోయింది, మిగిలిన 49 శాతం కేంద్రానిది. పాత కరెంటు ఒప్పందాలు సాగాలని చట్టంలో ఉంది కాబట్టి ఆర్‌టీపీపీతో సహా ఏపీ జెన్‌కో కేంద్రాల కరెంటు అక్కడికి పోతా వచ్చింది. బొగ్గు దక్షిణానికి, కరెంటు ఉత్తరానికి. బిల్లు మాత్రం మధ్యలో ఆగిపోయింది. 2017 జూన్‌లో సరఫరా ఆగింది. 2022 ఆగస్టులో కేంద్రం అసలు, సర్‌చార్జీ కలిపి 6,756 కోట్లు తెలంగాణ కట్టాలని చెప్పింది. మాకే ఆంధ్ర బాకీ ఉందని తెలంగాణ అనింది. 2023లో తెలంగాణ హైకోర్టు కేంద్రం ఆదేశాన్ని కొట్టేసింది. ఎవరి లెక్క న్యాయం అనేది నేను చెప్పలేను. నేను చెప్పేది ఒకటే: ఇచ్చిపుచ్చుకోవటం సాగాలని రాసినారు, లెక్క తేలకపోతే ఎవరు, ఎన్ని దినాల్లో తేల్చాలో గట్టిగా రాయలేదు.

లారీల సంగతీ అంతే. విడిపోయిన తర్వాత 2015 ఏప్రిల్ నుంచి ఆంధ్ర బండ్ల మీద తెలంగాణ పన్ను వేసింది, తర్వాత ఆంధ్ర కూడా వేసింది. నిన్నటిదాకా ఒకే రాష్ట్రంలో తిరిగిన లారీ గీత కాడ ఆగి రసీదు తీసుకోవాల్సి వచ్చింది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయినాయి కాబట్టి సరుకుకు కొంత ఊపిరి ఆడింది. పులివెందుల అరటి, చీనీ ఎండలో ఆగి ఉంటే ఒక్క దినంలోనే ధర పోతుందని మార్కెట్లో మూటలు మోసే మనోళ్లకు తెలుసు. రైతుకు నష్టమైతే ముందు తగ్గేది కూలే.

సరుకుకు ఎట్లో ఒకట్ల దారి దొరికింది. మనుషులకు?

చదువు చూడండి. 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం కాలేజీ సీట్లలో 85 శాతం స్థానికులవి, 15 శాతం అందరికీ. మన కడప ఎస్వీ యూనివర్సిటీ ప్రాంతం కింద వస్తుంది, హైదరాబాదు ఉస్మానియా కింద. ఆ 15 శాతం కిటికీలో నుంచే ఇక్కడి పిల్లోళ్లు అక్కడి సీటుకు పోటీ పడేవాళ్లు. విభజన చట్టం 95వ సెక్షన్ ఈ పద్ధతిని పదేళ్లు ఉంచింది, ప్రవేశాలు కూడా ఉమ్మడిగానే సాగాలనింది. కానీ 2015కే తెలంగాణ ఎంసెట్ వేరు పెట్టుకుంది. 2024 జూన్‌కు పదేళ్లు నిండినాయి, హైదరాబాదు ఉమ్మడి రాజధాని అనే మాటా అయిపోయింది. 2025 ఫిబ్రవరిలో ఆ 15 శాతం సీట్లు కూడా తెలంగాణ సంబంధం ఉన్నోళ్లకే అని అక్కడి ప్రభుత్వం జీవో ఇచ్చింది. అక్కడ పదేళ్లు నివాసం ఉన్నోళ్లు, వాళ్ల పిల్లలు, ఉద్యోగుల పిల్లలు, ఇట్లాంటోళ్లకు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాల. "వాళ్ల సీట్లు వాళ్లు పెట్టుకుంటే మీకెందుకు నొప్పి?" అంటే జవాబు చెప్పటం కష్టమే. తెలంగాణ ఉద్యమం పుట్టిందే ఇందుకు. 1956లో పెద్దమనుషుల ఒప్పందం అని రాసుకున్నారు, అది నిలబడలేదు. ముల్కీ ఉద్యోగాల కోసం 1969లో పిల్లోళ్లు ప్రాణాలు ఇచ్చినారు. గేటు బార్లా తీసి పెడితే ముందు దూరేది బలమున్నోడే. ఇది ఆదివాసులకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఏజెన్సీలో 1/70 చట్టం ఎందుకు వచ్చింది? గిరిజనేతరులు భూమి కొనకుండా గేటు వెయ్యటానికే కదా. 1997లో సమతా తీర్పు ఆ గేటుకు ఇంకో గొళ్లెం వేసింది. షెడ్యూల్డ్ ప్రాంతం ఒక్క ఎకరా లేని కడప జిల్లాలో మన తండాలకు, ఎరుకల, యానాది కాలనీలకు ఆ గేటు కూడా లేదు. కాబట్టి గేటే వద్దు అని నేను అనను. ఏలుబడి కావాల. కానీ ఏ దానికి గేటు, ఏ దానికి దారి అనేది విడదీసి రాయాల. భూమికి, గనులకు, స్థానిక ఉద్యోగాలకు గేటు ఉండొచ్చు. ఆసుపత్రికి, బడికి, సంతకు, పొట్టకూటికి పోయినోడి గుర్తింపుకు దారి ఉండాల.

ఆ గుర్తింపు సంగతే మనకు అన్నింటికంటే పెద్దది. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో గ్రూపులో అందరూ తెలుసుకోవాల. ఆంధ్రలో ఎస్టీ అయిన ఒక తెలుగు కుటుంబం తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయికి పోయింది. కొడుకు అక్కడి మెడికల్ కాలేజీలో ఎస్టీ సీటు అడిగితే, నువ్వు ఆంధ్రలో ఎస్టీ, మహారాష్ట్రలో కాదు అన్నారు. కోర్టు కూడా అదే ఖాయం చేసింది. ఎస్టీ జాబితా రాష్ట్రం లెక్కన ఉంటుంది, మనిషితో పాటు గీత దాటి రాదు. మన సుగాలీలనే చూడండి. ఆంధ్ర, తెలంగాణల్లో ఎస్టీ. కర్ణాటకలో ఎస్సీ. మహారాష్ట్రలో విముక్త జాతుల్లో ఉన్నారు. భాష ఒకటే, తీజ్ పండుగ ఒకటే, సేవాలాల్ మహరాజ్ ఒకరే. కాగితం మాత్రం చెక్‌పోస్టు చెక్‌పోస్టుకూ మారిపోతుంది.

2014 జూన్ 1న కడప తండా మనిషి హైదరాబాదులో మేస్త్రీ పనికి పోతే ఒకే రాష్ట్రంలో ఊరు మారినట్టు. మర్నాడు పోతే రాష్ట్రం దాటినట్టు. మా పక్క నుంచి చానా ముందే పోయిన ఒక కుటుంబం ఉంది. పిల్లలు అక్కడే పుట్టినారు, అక్కడే బడికి పోయినారు. కుల సర్టిఫికెట్ కోసం అక్కడి ఆఫీసుకు పోతే మీ సొంతూరు పొండి అంటారు, ఇక్కడికి వస్తే మీరు ఇక్కడ లేరు కదా అంటారు. భూమి లేని ఇంట్లో, కాలేజీ మెట్టు మొదటిసారి ఎక్కుతున్నోళ్లకు ఆ కాగితమే ఆస్తి. నాకూ అంతే.

బీహార్, జార్ఖండ్ విడిపోయినప్పుడు ఇదే తిప్పలు వచ్చినాయి. 2021లో పంకజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. రాష్ట్రం విడిపోతే రిజర్వేషన్ ఉన్న మనిషి రెండు రాష్ట్రాల్లో ఏదో ఒక చోట ఆ హక్కు అడగొచ్చు, రెండు చోట్లా ఒకేసారి కాదు అని. విభజన జరిగినప్పుడు ఈ ఒక్క వాక్యం మన చట్టంలోనే తేటగా రాసి ఉంటే ఆ కుటుంబం తిరిగిన తిరుగుడు తప్పేది. బండి దారి అంటే నా ఉద్దేశం ఇట్లాంటి వాక్యాలే.

ఇంకా కష్టం భద్రాచలం పక్కన ఉంది. పోలవరం కోసం 2014లో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ఊర్లను ఆంధ్రలో కలిపినారు. కోయలు, కొండరెడ్లు ఉండే ఊర్లు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, దాన్ని ఆనుకున్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం లాంటి ఊర్లు ఆంధ్రకు వచ్చినాయి. సంత భద్రాచలంలో, ఆసుపత్రి భద్రాచలంలో, ఆఫీసు మాత్రం ఇంకో రాష్ట్రంలో. 2022లో జిల్లాలు మార్చినప్పుడు వాళ్లకు జిల్లా కేంద్రం పాడేరు అయింది. అదే ఏడాది గోదావరి వరద వచ్చినప్పుడు మమ్మల్ని మళ్లీ తెలంగాణలో కలపండి అని ఆ ఊర్లవాళ్లు రోడ్డెక్కినారు. పీసా చట్టం 1996 నుంచి ఉంది, గ్రామసభే పెద్ద అంటుంది. గీత గీసేటప్పుడు మాత్రం ఆ గ్రామసభ ఒప్పుకోలు తీసుకోలేదు. రెండు ప్రభుత్వాలకూ ఏలుబడి దక్కింది. ఆ ఊర్లకు మిగిలింది లోపలి చేను.

ఇట్లాంటి ఊర్లకు దారి రాయటం సాధ్యమేనా అంటే, సాధ్యమే అని లోకం చూపించింది. బ్రిటన్ 2016 జూన్ 23న ఓటు వేసి, 51.9 శాతంతో యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి పోవాలనుకుంది. మా చట్టం మేమే చేసుకుంటాం అనేదే వాళ్ల నినాదం కూడా. 2020 జనవరి 31న బయటికి వచ్చినారు. వాణిజ్య ఒప్పందం కుదిరింది 2020 డిసెంబరు 24న, కొత్త పద్ధతి మొదలు కావటానికి వారం ముందు. సుంకం లేకపోయినా కాగితాలు, తనిఖీలు వచ్చినాయి. చిన్న వ్యాపారులకు ఆ కాగితాల ఖర్చే బరువైంది. వాళ్లకూ ఒక ఎటపాక ఉంది: ఉత్తర ఐర్లండ్. అది బ్రిటన్‌లో భాగం, పక్కన ఉన్న ఐర్లండ్ దేశం యూరోపియన్ యూనియన్‌లో ఉంది. ఆ గీత మీద మళ్లీ చెక్‌పోస్టులు పెడితే 1998 శాంతి ఒప్పందం దెబ్బతింటుందని భయపడి, సరుకుల తనిఖీని భూమి మీద కాకుండా సముద్రం అవతలికి జరిపినారు. దాని మీద తగాదా వస్తే 2023లో విండ్సర్ పేరుతో సవరించుకున్నారు. ఇంకా ముఖ్యమైంది, ఐర్లండ్, బ్రిటన్ మనుషులు ఒకరి దేశంలో ఒకరు ఉండొచ్చు, చదవొచ్చు, పని చేసుకోవచ్చు అనే పాత ఏర్పాటు దాదాపు వందేళ్లుగా ఉంది. కూటమి విడిపోయినా దాన్ని తెగ్గొట్టుకోలేదు. రెండు దేశాలే తమ మధ్య ఈ దారి ఉంచుకోగలిగితే, ఒకే దేశంలో ఒకే భాష మాట్లాడే రెండు రాష్ట్రాలకు ఎందుకు కాదు?

ఇప్పుడు మళ్లీ సీమ దగ్గరికి వద్దాం. వేరే సీమ రాష్ట్రం అడిగే అన్నలను నేను నాలుగు అడుగుతున్నా.

ఒకటి. ఇప్పుడు ఆంధ్ర అసెంబ్లీలో ఎస్టీ సీట్లు 7. ఒక్కటీ సీమలో లేదు. ఐదో షెడ్యూల్ ప్రాంతమూ సీమలో లేదు. కొత్త రాష్ట్రంలో సుగాలీ, ఎరుకల, యానాది, చెంచుల గొంతు ఎవరు? ముసాయిదాలోనే రాయండి.

రెండు. విశాఖలో, విజయవాడలో, హైదరాబాదులో, బెంగుళూరులో బతుకుతున్న మనోళ్ల సర్టిఫికెట్ సంగతి. విడిపోయే నాటికి బయట ఉన్నోళ్లు ఏ రాష్ట్రం కావాలో ఒకసారి ఎంచుకునే హక్కు, అది వాళ్ల పిల్లలకు కూడా చెల్లేటట్టు చట్టంలో ఉండాల. జీవోలో కాదు. జీవో ఒక్క సంతకంతో పోతుంది.

మూడు. సీట్ల ఉమ్మడి కోటా పదేళ్లు అని రాసి చేతులు దులుపుకోవద్దు. పదకొండో ఏట ఏం జరుగుతుందో కూడా రాయండి. ఈ పక్క ఆ స్థాయి కాలేజీలు కట్టేదాకా అక్కడి దారి ముయ్యొద్దు అని రాయండి.

నాలుగు. నీళ్లు, బొగ్గు, కరెంటు బాకీ తగాదాలకు తీర్పు చెప్పేది ఎవరో, ఎన్ని నెలల్లో చెప్పాలో, చెప్పకపోతే ఏమవుతుందో రాయండి. "పరిశీలించాలి" అనే మాట ఎక్కడ కనపడినా కొట్టేసి "చెయ్యాలి" అని రాసి తేదీ పెట్టండి.

ఈ నాలుగూ ఒప్పుకుంటే నేనూ జెండా పట్టుకుంటా. ఒప్పుకోకుంటే అది పెద్ద చేన్ల వాళ్ల పంపకం, మనది కాదు.

కొత్త రాష్ట్రం వచ్చేదాకా కాచుకోనవసరం లేదు కూడా. 2014 గీత వల్ల సర్టిఫికెట్ కాడ ఆగిపోయిన ఎస్టీ కుటుంబాలు ప్రతి తండా నుంచీ ఉంటాయి. మీ తండాలో, మీ కాలనీలో ఎవరున్నారో, ఏ సంవత్సరం పోయినారో, ఏ ఆఫీసులో ఏం చెప్పినారో రాసి పెట్టండి. పేర్లు గ్రూపులో వెయ్యొద్దు, సంఘం అన్నలకు ఇయ్యండి. ఆ లిస్టు పట్టుకొని, 2021 తీర్పు కాపీ జత చేసి, రెండు రాష్ట్రాల గిరిజన సంక్షేమ శాఖలకూ, జాతీయ ఎస్టీ కమిషన్‌కూ అర్జీ పెడదాం. అర్జీ తెలుగులో రాసే పని నాకు ఇయ్యండి. సెమిస్టర్ పరీక్షలు అయిపోయిన వారంలో కూర్చుంటా.